రోమన్ చక్రవర్తుల నాణేలను సేకరించదలచినవారికి

రోమన్ సామ్రాజ్య నాణేలు అనే మాటకు నాణేల శాస్త్రంలో ఒక కచ్చితమైన పరిధి ఉంది. క్రీ.పూ. 27లో ఆక్టేవియన్ ‘ఆగస్టస్’ బిరుదు స్వీకరించింది మొదలు పశ్చిమ సామ్రాజ్యం క్రీ.శ. 476లో కూలిపోయేదాకా, తూర్పున 491లో అనస్తాసియస్ గద్దెనెక్కేదాకా, చక్రవర్తి అధికారం కింద నడిచిన టంకశాలల్లో ముద్రించిన బంగారు, వెండి, ఇత్తడి, రాగి నాణేలు ఈ కోవలోకి వస్తాయి. అదే కాలంలో అలెగ్జాండ్రియా వంటి తూర్పు నగరాలు స్థానిక చెలామణీ కోసం గ్రీకు రాతతో ముద్రించుకున్న వాటిని ప్రాంతీయ నాణేలుగా వేరుచేసి లెక్కిస్తారు. కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవారిని మొదట ఆశ్చర్యపరిచేది, 1,700 ఏళ్ల నాటి నాణెం అపురూపమైన వస్తువు కానక్కరలేదన్న సంగతి. ఐదు శతాబ్దాల పాటు సైన్యానికి జీతాలివ్వడానికి, సంతలు నడవడానికి లెక్కలేనన్ని నాణేలు ముద్రించారు. భద్రత కోసం కుండల్లో పెట్టి పాతిపెట్టినవే నేటికీ వేల సంఖ్యలో బయటపడుతున్నాయి. కాబట్టి నాణెం దొరకడం కష్టం కాదు. దొరికిన నాణెం ఎవరిది, ఎప్పటిది, ఎక్కడిది అని సొంతంగా తేల్చుకోగలగడమే కష్టం, సేకరణలోని ఆనందమంతా కూడా అందులోనే ఉంది. అందుకే కొనడం కంటే ముందు చదవడం నేర్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ చదవడం గురించే.

లోహం, పరిమాణం

ఆగస్టస్ స్థిరపరచిన విలువల వరుస తెలిస్తే చేతిలోని నాణెం ఏ తరగతిదో చాలావరకు తేలిపోతుంది. ఒక బంగారు ఆరియస్ 25 వెండి డినారియస్‌లకు సమానం. డినారియస్‌కు నాలుగు సెస్టర్టియస్‌లు, సెస్టర్టియస్‌కు రెండు డుపాండియస్‌లు, డుపాండియస్‌కు రెండు ఆస్‌లు. సెస్టర్టియస్, డుపాండియస్ ఇత్తడితో, ఆస్ రాగితో చేసేవారు. డినారియస్ సుమారు 18 మిల్లీమీటర్ల వెడల్పుతో, మూడు నాలుగు గ్రాముల మధ్య బరువుంటుంది. సెస్టర్టియస్ 30 మిల్లీమీటర్లకు పైబడి, 25 గ్రాముల దాకా తూగుతుంది. అంత విశాలమైన తలం దొరికింది కనుకనే రోమన్ శిల్పులు తమ నేర్పునంతా దాని మీద చూపగలిగారు. డుపాండియస్, ఆస్ మాత్రం దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి. కొత్తగా ముద్రించినప్పుడు ఒకటి పసుపుగా, మరొకటి ఎర్రగా ఉండి సులభంగా గుర్తుపట్టేలా ఉన్నా, నేలలో శతాబ్దాలు పడి ఉన్నాక రెండింటినీ ఒకే రకం చిలుము కప్పేస్తుంది. అప్పుడు చక్రవర్తి తల మీద చూడాలి: నీరో కాలం నుంచి, సూర్యకిరణాల్లాంటి కొనలున్న కిరీటం ఉంటే సాధారణంగా డుపాండియస్, లారెల్ ఆకుల దండ ఉంటే ఆస్ అని భావించవచ్చు.

వెండి కథ తెలియకపోతే మూడో శతాబ్దపు నాణేలన్నీ నకిలీలనే అనిపిస్తాయి. క్రీ.శ. 64లో నీరో డినారియస్ బరువును రోమన్ల తూకపు ప్రమాణమైన పౌనులో 84వ వంతు నుంచి 96వ వంతుకు తగ్గించి, వెండి శాతాన్ని కూడా తగ్గించాడు. సెప్టిమియస్ సెవెరస్ కాలానికి అందులో వెండి సుమారు సగానికి పడిపోయింది. 215లో కారకల్లా కొత్తగా ఒక పెద్ద వెండి నాణేన్ని ప్రవేశపెట్టాడు. దానిని నేడు ఆంటోనినియానస్ అని పిలుస్తారు. అది రెండు డినారియస్‌ల విలువతో చెలామణీ అయిందని సాధారణ అభిప్రాయం, కానీ అందులోని వెండి ఒకటిన్నర డినారియస్‌కు మించలేదు. దాని మీద పురుషుడైతే కిరణాల కిరీటంతో, రాణి అయితే భుజాల కింద నెలవంకతో కనిపిస్తారు. యుద్ధాలు, తిరుగుబాట్లు ముమ్మరించిన కొద్దీ ఈ నాణెంలో వెండి కరిగిపోతూ వచ్చి, గాలియెనస్ ఒంటరిగా పాలించిన 260-268 నాటికి కొద్ది శాతానికి దిగజారింది. అందువల్ల గాలియెనస్ నాణెం రాగిలా కనిపించడం అనుమానించవలసిన విషయం కాదు. తళతళలాడే స్వచ్ఛమైన వెండిలా కనిపిస్తే అప్పుడు అనుమానించాలి. 274లో అరీలియన్ నాణేన్ని కొంత చక్కదిద్ది పైన పలుచని వెండి పూత వేయించాడు. సుమారు 294లో డయోక్లీషియన్ వ్యవస్థనంతా మార్చి పది గ్రాముల కంచు నాణేన్ని తెచ్చాడు. కాన్‌స్టాంటీన్ రోమన్ పౌనుకు 72 చొప్పున బంగారు సాలిడస్‌ను నెలకొల్పాడు. ఈ మలుపులు గుర్తుంటే, రాత అరిగిపోయిన నాణేన్ని కూడా ఇరవై ముప్పై ఏళ్ల తేడాలో ఏ కాలానిదో చెప్పవచ్చు.

బొమ్మ వైపు, బొరుసు వైపు

నాణెం చుట్టూ ఉండే లాటిన్ రాత మొదట అక్షరాల గుంపులా కనిపిస్తుంది. మాటల మధ్య ఖాళీలు సరిగా ఉండవు, ‘యు’ ఉండవలసిన చోట ‘వి’ ఉంటుంది, ప్రతి బిరుదునూ రెండు మూడు అక్షరాలకు కుదిస్తారు. అయినా వాడిన బిరుదులు ఇరవైకి మించవు కాబట్టి కొద్ది వారాల అభ్యాసంతో పట్టుబడుతుంది. రాతను సాధారణంగా ఎడమవైపు కింద నుంచి గడియారపు ముల్లు తిరిగే దిశలో చదవాలి.

ట్రాజన్ డినారియస్ ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. బొమ్మ వైపు ‘ఐఎంపీ’, ట్రాజన్ పేరు, ‘ఏవీజీ’, ‘జీఈఆర్’, ‘డీఏసీ’, ‘పీఎం’, ‘టీఆర్‌పీ’ అన్న అక్షరాలు వరుసగా ఉన్నాయి. బొరుసు వైపు ‘సీఓఎస్’ తర్వాత రోమన్ అంకె ఐదు, ఆ పైన ‘పీపీ’, చివర సెనేట్, రోమన్ ప్రజలు కలిసి ‘ఉత్తమ పాలకుడికి’ సమర్పించినట్టు తెలిపే మాటలు ఉన్నాయి. వీటిలో ఇంపరేటర్, ఆగస్టస్ అన్నవి చక్రవర్తులందరికీ ఉండేవే. పీఎం అంటే పాంటిఫెక్స్ మాక్సిమస్, అంటే ప్రధాన పురోహితుడు. పీపీ అంటే దేశపిత. ఇవి కాలాన్ని చెప్పవు. ‘డీఏసీ’ చెబుతుంది. డేషియా (నేటి రొమేనియా ప్రాంతం) మీద గెలిచాక, 102 చివరలో, ట్రాజన్ ‘డాసికస్’ బిరుదు తీసుకున్నాడు గనుక నాణెం అంతకు ముందుది కాదు. ‘సీఓఎస్’ సూచించే కాన్సుల్ అనే ఉన్నత రాజ్య పదవిని అతడు ఐదోసారి 103లో, ఆరోసారి 112లో చేపట్టాడు. కాబట్టి ఈ నాణెం 103-111 మధ్యది. బిరుదు ఒకటి, అంకె ఒకటి కలిసి ఐదు శతాబ్దాల వ్యవధిని తొమ్మిదేళ్లకు కుదించాయి. టీఆర్‌పీ అన్న ట్రిబ్యూన్ అధికారం ఏటేటా పునరుద్ధరించేది కాబట్టి, ఆంటోనినస్ పయస్, మార్కస్ అరీలియస్ నాణేల మీద దాని పక్కనున్న అంకె ద్వారా సరిగ్గా ఏ ఏడాదిదో కూడా తెలుసుకోవచ్చు.

అదే ట్రాజన్ నాణెం బొరుసు వైపు ఒక స్త్రీమూర్తి త్రాసు, పండ్లు పొంగిపొరలే కొమ్ము పట్టుకుని నిలబడి ఉంది. పేరు రాయలేదు. ఇటువంటి చోట చేతిలోని వస్తువులే ఆధారం. త్రాసు, కొమ్ము ఉంటే న్యాయమైన తూకానికి అధిదేవత ఏక్విటాస్. చుక్కాని, కొమ్ము ఉంటే అదృష్టదేవత ఫార్చూనా. ఆలివ్ కొమ్మ శాంతికి, పాముకు మేత పెట్టడం ఆరోగ్యదేవత సాలస్‌కు, పువ్వు పట్టుకుని చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టినట్టు వస్త్రపు అంచును ఎత్తడం ఆశకు ప్రతీకైన స్పెస్‌కు, ధాన్యపు కంకులు, కొలపాత్ర రోమ్ ధాన్య సరఫరాకు దేవతైన అన్నోనాకు గుర్తులు. ఒక చిక్కు మాత్రం గుర్తుంచుకోవాలి: టంకశాలకు దేవత అయిన మొనేటా కూడా త్రాసు, కొమ్ము పట్టుకునే ఉంటుంది, కాబట్టి ఆమెనూ ఏక్విటాస్‌నూ రాత మాత్రమే వేరుచేస్తుంది. బొరుసు మీది బొమ్మ అలంకారం కోసం పెట్టింది కాదు. ఆ ఏడాది ప్రజలు ఏమి నమ్మాలని పాలకులు కోరుకున్నారో అది చెబుతుంది. సింహాసనం కదిలిపోతున్న రోజుల్లో ‘సైన్యపు విధేయత’ అన్న మాటతో నాణేలు వెలువడ్డాయంటే, ఆ విధేయత మీద ఎంత బెంగ ఉండేదో ఊహించవచ్చు.

‘ఏవీజీ’ చివర ‘జీ’ ఎన్నిసార్లు వస్తుందో కూడా చూడాలి. రెండు జీలు ఉంటే ఇద్దరు చక్రవర్తులు కలిసి పాలిస్తున్నారు, మూడుంటే ముగ్గురు. 286లో బ్రిటన్‌ను ఆక్రమించుకుని తానే చక్రవర్తినని ప్రకటించుకున్న కరాసియస్, ఆ తర్వాతి కాలంలో మూడు జీలతో నాణేలు ముద్రించాడు. అప్పటి చక్రవర్తులు డయోక్లీషియన్, మాక్సిమియన్ తనను సాటివాడిగా అంగీకరించినట్టు ప్రజలకు చూపడానికి ఒక్క అక్షరంతో చేసిన ప్రయత్నమది. వాళ్లు ఎన్నడూ అంగీకరించలేదు.

మూడో శతాబ్దపు చివర నుంచి బొరుసు అడుగున, బొమ్మ నిలబడిన నేలగీత కింద, టంకశాల గుర్తు తప్పక చూడాలి. ‘ఎస్ఐఎస్’ సిస్కియా, ‘ఏక్యూ’ అక్విలియా, ‘ఎస్ఎంఎన్’ నికోమీడియా, ‘ఎస్ఎంకే’ సైజికస్, ‘ఎస్ఎంటీఎస్’ థెస్సలోనికా. వీటికి ముందో వెనకో చేరే ఒక్క అక్షరం ఆ టంకశాలలోని ఏ కార్ఖానాలో నాణెం తయారైందో చెబుతుంది. పశ్చిమాన చాలాచోట్ల ‘పీ’, ‘ఎస్’ అంటూ లాటిన్ వరుస పదాల తొలి అక్షరాలు, తూర్పున ఆల్ఫా, బీటా, గామా వాడారు. ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. నేటి ఫ్రాన్స్‌లోని ఆర్ల్ నగరానికి 328లో కాన్‌స్టాంటీనా అని పేరు మార్చడంతో దాని నాణేల మీద కూడా ‘సీఓఎన్ఎస్‌టీ’ అన్న గుర్తు వచ్చింది. అందుకే దాన్ని చూడగానే కాన్‌స్టాంటినోపుల్ అనుకుంటారు. కార్ఖానా అక్షరం లాటిన్‌లో ఉండి ముందు వస్తే ఆర్ల్. ‘సీఓఎన్ఎస్’ తర్వాత గ్రీకు అక్షరం వస్తే కాన్‌స్టాంటినోపుల్. అమ్మేవారి చీటీల మీద కూడా ఈ తప్పు కనిపిస్తూ ఉంటుంది కాబట్టి మీ కళ్లతో చూసి నిర్ధారించుకోవాలి.

ఇంతవరకు తేల్చుకున్నాక జాబితా గ్రంథాన్ని తెరవాలి. ఈ రంగంలో అందరూ ఉదహరించే ‘రోమన్ ఇంపీరియల్ కాయినేజ్’ అనే పది సంపుటాల జాబితా 1923లో మొదలై 1994లో పదో సంపుటంతో పూర్తయింది. మొదటి ఐదు సంపుటాలు చక్రవర్తుల వారీగానూ, ఆరు నుంచి తొమ్మిది వరకు టంకశాలల వారీగానూ సాగుతాయి. అందుకే నాలుగో శతాబ్దపు నాణెం మీద టంకశాల గుర్తు చెరిగిపోతే సంఖ్య తేల్చడం అంత కష్టం. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ ఈ జాబితా ఆధారంగా నడిపే ‘ఓక్రే’ అనే ఆన్‌లైన్ సూచికలో 40,000కు పైగా నమూనాలు, చాలావాటికి మ్యూజియం ఫొటోలతో సహా, ఎవరికైనా ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. చదవగలిగిన కొన్ని అక్షరాలు, బొరుసు మీది బొమ్మ చెబితే అది మిగతాది వెతికిపెడుతుంది.

ఏమి సేకరించాలి

దొరికిందల్లా కొంటూ పోతే పెట్టె నిండుతుంది, జ్ఞానం పెరగదు. ఒక ప్రశ్న పెట్టుకుని, దానికి జవాబు చెప్పే నాణేల కోసం వెతకడం మేలు. జూలియస్ సీజర్ నుంచి డొమిషియన్ దాకా పన్నెండుగురు సీజర్ల నాణేలు ఒక్కొక్కటి చొప్పున సేకరించడం ఎంతో కాలంగా అందరినీ ఆకర్షించే లక్ష్యం. కానీ ప్రారంభకులకు నేను దాన్ని సిఫారసు చేయను. 69వ సంవత్సరంలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా మాత్రమే పాలించిన ఓథో, రోమ్‌లో బంగారు, వెండి నాణేలే తప్ప ఇత్తడి, రాగి నాణేలు ముద్రించలేదు. అతని డినారియస్ అరిగిపోయి ఉన్నా ఖరీదే. ఆ ఒక్క ఖాళీ పూరించాలన్న తొందరలో నకిలీ కొన్నవారు చాలామంది ఉన్నారు.

దానికి బదులు కాన్‌స్టాంటీన్ కుటుంబపు చిన్న కంచు నాణేలతో మొదలుపెట్టమంటాను. ‘సైన్యపు కీర్తి’ అన్న రాతతో, ఇద్దరు సైనికులు, వారి మధ్య రెండు ధ్వజాలు ఉన్న నాణెం 330 ప్రాంతంలో మొదలైంది. సుమారు 335లో బరువు తగ్గించి ధ్వజాలను ఒకటికి కుదించారు. నాణెం చిన్నదైపోవడం ఆ బొమ్మలోనే కనిపిస్తుంది. ట్రియర్ నుంచి అలెగ్జాండ్రియా దాకా 13 టంకశాలలు ఈ నాణేన్ని ముద్రించాయి. బొమ్మ వైపు కాన్‌స్టాంటీన్, అతని కుమారులు రెండో కాన్‌స్టాంటీన్, రెండో కాన్‌స్టాంటియస్, కాన్‌స్టాన్స్, సోదరుని కొడుకు డాల్మేషియస్ కనిపిస్తారు. 337లో కాన్‌స్టాంటీన్ మరణించిన కొద్ది నెలలకే డాల్మేషియస్‌ను సైనికులు చంపేశారు కాబట్టి అతని నాణేలు 335-337 మధ్యవే, మిగతావారి కంటే అరుదు. ఒక్క నమూనాను పట్టుకుని 13 నగరాలనూ, ఐదుగురు పాలకులనూ వెతకడం వల్ల రాత చదవడం, టంకశాల గుర్తులు, బరువుల మార్పు, వారసత్వ రాజకీయం అన్నీ ఒక్క సేకరణలోనే ఒంటబడతాయి. ఇవి విస్తారంగా దొరుకుతాయి కనుక ఖర్చూ తక్కువ, నకిలీల బెడదా తక్కువ.

వెండి మీద మక్కువ ఉన్నవారు ఆంటోనినస్ పయస్ భార్య ఫాస్టీనా మరణానంతరం ఆమెను దేవతగా ప్రకటించి ముద్రించిన డినారియస్‌లను, లేదా సెవెరస్ వంశపు రాణులైన జూలియా డోమ్నా, జూలియా మేసా, జూలియా మామియాల నాణేలను పరిశీలించవచ్చు. వారి తలకట్లు మారిన తీరు మీదే చక్కని సేకరణ చేయవచ్చు. గాలియెనస్ తన పాలన చివరి కాలంలో దేవతల రక్షణ కోరుతూ డయానాకు జింకను, నెప్ట్యూన్‌కు చేప తోక ఉన్న సముద్రపు గుర్రాన్ని, సూర్యుడికి రెక్కల గుర్రాన్ని వేయించిన నాణేలు నాకెంతో ఇష్టమైనవి. పనితనం మొరటుగా ఉన్నా, సామ్రాజ్యం ముక్కలైపోతున్నప్పుడు ఒక పాలకుడు ఒక్కొక్క దేవుడినీ పేరు పెట్టి వేడుకోవడం వాటిలో కనిపిస్తుంది.

కొనేటప్పుడు

అసలైనదేనన్న హామీని కాలపరిమితి లేకుండా రాతపూర్వకంగా ఇచ్చే వ్యాపారుల దగ్గర, పేరున్న వేలం సంస్థల దగ్గర మాత్రమే కొనడం మొదటి నియమం. వేలంలో పలికిన ధర మీద కొనుగోలుదారు రుసుము, రవాణా, దిగుమతి సుంకం అదనంగా పడతాయి కాబట్టి పాట పాడే ముందే వాటిని లెక్కలో కలుపుకోవాలి. ఫొటో మాత్రమే చూసి కొంటున్నప్పుడు బరువు, వెడల్పు, అంచు ఫొటో అడగాలి. ఇవ్వడానికి వెనకాడేవారి దగ్గర కొనకూడదు.

నాణెపు స్థితిని అరుగుదలతో మాత్రమే కొలవకూడదు. అచ్చు మధ్యలో పడిందా, రాత పూర్తిగా నాణెం మీదకు వచ్చిందా, ముఖం సజీవంగా ఉందా, ఉపరితలం గుంటలు పడకుండా ఉందా అన్నవి అంతే ముఖ్యం. కొద్దిగా అరిగినా పేరు, టంకశాల గుర్తు స్పష్టంగా ఉన్న నాణెం, పదునుగా ఉండి రాత సగం అంచు దాటి పోయిన నాణెం కంటే నాకు విలువైనది. ‘శుభ్రం చేయని నాణేలు’ అంటూ కుప్పగా అమ్మేవాటిలో మంచివి అప్పటికే ఏరేసి ఉంటారు. శుభ్రం చేయడం నేర్చుకోవడానికి పనికొస్తాయి గానీ అపురూపమైనది దొరుకుతుందన్న ఆశతో కొనవలసినవి కావు.

నకిలీలు

రోమన్ నాణెం అచ్చు కొట్టిన నాణెం. వేడిచేసిన లోహపు బిళ్లను రెండు అచ్చుల మధ్య ఉంచి సుత్తితో మోదేవారు. దెబ్బకు లోహం మధ్య నుంచి అంచు వైపు పాకుతుంది. భూతద్దంలో చూస్తే అక్షరాల చుట్టూ, అంచు దగ్గర ఆ పాకిన చారలు కనిపిస్తాయి. అక్షరాల గోడలు నిటారుగా ఉంటాయి. బిళ్ల సాగిన చోట అంచు పగులుతుంది. పోత పోసిన నకిలీలో వీటికి పూర్తిగా భిన్నంగా, అక్షరాలు అంచులు కరిగినట్టు గుండ్రంగా ఉంటాయి, ఉపరితలం మీద గాలిబుడగల చిన్న చిన్న గుంటలుంటాయి, అంచు చుట్టూ రెండు మూస భాగాలు కలిసిన గీతను ఆకురాయితో రుద్దేసిన జాడ ఉంటుంది, బరువు తరచు తేడాగా ఉంటుంది.

వీటన్నిటి కంటే నమ్మదగిన పరీక్ష పోలిక. చేత్తో కొట్టిన నాణేలు ఒకే అచ్చు జత నుంచి వచ్చినా, బిళ్ల ఆకారం, అచ్చు పడిన స్థానం, పగుళ్లు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. ఎక్కడైనా రెండు నాణేలు ఒకే చోట పగిలి, ఒకే వైపుకు జరిగి, ఒకే గీత కలిగి కనిపించాయంటే, వాటిలో కనీసం ఒకటి రెండోదాని నుంచో, రెండూ మరో నాణెం నుంచో తీసిన మూసలో పోసినవే. అందుకని కొనదలచిన నాణేన్ని పాత వేలాల ఫొటోలతో, సేకర్తలు ఆన్‌లైన్‌లో పోగుచేసిన నకిలీల ఫొటో సంచయాలతో పోల్చి చూడడం అలవాటు చేసుకోవాలి.

కొత్తగా అచ్చులు చెక్కి కొట్టిన నకిలీలు ఇంకా ప్రమాదకరం. జర్మనీకి చెందిన కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో చెక్కిన అచ్చుల నేర్పు ఎంతటిదంటే అతని నాణేలు పేరున్న సేకరణల్లోకి కూడా చేరాయి. కొత్త మెరుపు పోగొట్టడానికి వాటిని ఇనుపరజనుతో పాటు పెట్టెలో వేసి గుర్రబ్బండిలో తిప్పేవాడని చెబుతారు. అంతకు ముందు 16వ శతాబ్దంలో పాడువాకు చెందిన జొవాన్ని కావినో సెస్టర్టియస్‌ల శైలిలో పతకాలు చేశాడు. అవి కళాఖండాలుగా చెలామణీ అయినవే. వాటిని ప్రాచీన నాణేలుగా అమ్మినవారు తర్వాతివారు. ఇటువంటి వాటిని పట్టించేది శైలి. ప్రాచీన శిల్పి అక్షరాలు చెక్కిన తీరు, కన్ను పెట్టిన స్థానం, జుట్టు పాయల లయ వందల అసలు నాణేలు చూసినవారి కంటికే ఆనతాయి. మ్యూజియం ఫొటోలు రోజూ కాసేపు చూడడం కంటే దీనికి మంచి శిక్షణ లేదు.

అసలు నాణేలనే చెడగొట్టి మోసగించడం కూడా ఉంది. అరిగిన సెస్టర్టియస్ మీద జుట్టును, దుస్తుల ముడతలను ఉలితో తిరిగి చెక్కి, ఖాళీ స్థలాన్ని గీకి నున్నగా చేసి, పైన కృత్రిమ చిలుము పూసి గొప్ప స్థితిలో ఉన్నట్టు అమ్ముతారు. ముఖం బాగా అరిగి ఉండగా జుట్టు మాత్రం పదునుగా ఉంటే, అక్షరాల చుట్టూ తలం కాస్త లోతుగా దిగినట్టు ఉంటే అనుమానించాలి. పెద్ద ఇత్తడి నాణేల్లో ఇది ఎంత విస్తారంగా ఉందంటే, ఆ తరగతిని రెండు మూడేళ్ల అనుభవం తర్వాతే ముట్టుకోమంటాను. ఇక రాగి బిళ్ల మీద వెండి రేకు తొడిగి రోమన్ కాలంలోనే చేసిన దొంగ డినారియస్‌లు వేరు. పొర లేచిన చోట కింద రాగి కనిపించే ఇవి తమకు తాముగా చారిత్రక ఆధారాలు, వాటిని వాటి పేరుతోనే అమ్మినంతవరకు సేకరించదగినవి.

శుభ్రం చేయడం, భద్రపరచడం

వీలైనంతవరకు ఏమీ చేయకూడదు. కంచు నాణెం మీద గట్టిగా, నున్నగా పట్టిన పచ్చని, గోధుమరంగు లేదా నల్లని చిలుమే దాని చర్మం. ముఖపు సూక్ష్మ రేఖలు ఆ పొరలోనే మిగిలి ఉంటాయి. నిమ్మరసం, వెనిగర్, చింతపండు, లోహపు పాలిష్, ఇనుప బ్రష్ ఏదైనా సరే ఆ పొరను తీసేస్తే నాణెం శాశ్వతంగా పోయినట్టే. మట్టి పట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీరు మారుస్తూ, మెత్తబడిన మట్టిని వెదురు పుల్లతో భూతద్దం కింద ఓపికగా తీయాలి. ఇది వారాలు పట్టే పని. ప్రాచీన వెండి లోపల స్ఫటికాల్లా మారి పెళుసెక్కి ఉంటుంది కాబట్టి గచ్చు మీద పడితే రెండుగా విరిగిపోవచ్చు. ఎప్పుడూ బల్ల మీద మెత్తని గుడ్డ పరచి, అంచులతో మాత్రమే పట్టుకుని చూడాలి.

ఒక్క జబ్బు విషయంలో మాత్రం ఆలస్యం చేయకూడదు. రాగిలో చిక్కుకున్న క్లోరైడ్ లవణాలకు తేమ, గాలి తగిలినప్పుడు ఆమ్లం పుట్టి, అది మరింత రాగిని తింటుంది. లేత ఆకుపచ్చ రంగులో పొడిపొడిగా, పుల్లతో తాకితే రాలిపోయే మచ్చగా ఇది బయటపడుతుంది. రాలిన చోట గుంట మిగులుతుంది. గట్టిగా ఉన్న ముదురు పచ్చదనంతో దీనికి సంబంధం లేదు. ఇది కనిపించిన వెంటనే ఆ నాణేన్ని మిగతావాటి నుంచి వేరుచేసి, పొడిని తీసి, సోడియం సెస్క్వికార్బొనేట్ పలుచని ద్రావణంలోనో, తరచు మార్చే డిస్టిల్డ్ వాటర్‌లోనో వారాల తరబడి నానబెట్టి, పూర్తిగా ఆరబెట్టి, మైక్రోక్రిస్టలైన్ మైనం పలుచగా పూయాలి. ఆ తర్వాత కొన్ని నెలలు విడిగానే ఉంచి గమనించాలి.

భద్రపరిచే చోట తేమ 40 శాతానికి మించకుండా చూసుకోవడం, సిలికా జెల్ పొట్లాలు మారుస్తూ ఉండడం చాలు. మెత్తని పీవీసీ కవర్లు కాలక్రమంలో జిడ్డు వదిలి నాణేన్ని పాడుచేస్తాయి కాబట్టి మైలార్ ప్లాస్టిక్ లేదా ఆమ్లరహిత కాగితపు కవర్లు వాడాలి. ఓక్ చెక్క నుంచి ఆమ్లపు ఆవిర్లు వెలువడతాయి. చెక్క పెట్టె కావాలంటే మహాగని మంచిది.

ఎక్కడి నుంచి వచ్చింది

2010లో ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్‌లో, ఫ్రోమ్ దగ్గర, ఒక పెద్ద కుండ నిండా 52,503 రోమన్ నాణేలు బయటపడ్డాయి. లోహశోధకంతో దాన్ని కనుగొన్న వ్యక్తి తానే తవ్వేసుకోకుండా ఆపి అధికారులకు తెలియజేయడంతో పురావస్తు శాస్త్రవేత్తలు కుండను పొరలు పొరలుగా ఖాళీ చేయగలిగారు. అందులో 760కి పైగా కరాసియస్ నాణేలున్నాయి. అన్నిటికంటే చివరి కాలానివైన ఈ నాణేల్లో అధికభాగం పైన కాకుండా కుండ లోతుల్లో ఉన్నట్టు తేలింది. అంటే నాణేలను ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా దాచుకోలేదని, ఒకేసారి పోశారని రుజువైంది. నాణేలను గోతాంలో కుమ్మరించుకుని పోయి ఉంటే ఈ ఒక్క విషయం ఎప్పటికీ తెలిసేది కాదు. దొంగతవ్వకాల నాణేలు కొనడం వల్ల జరిగే నష్టం ఇదే. నాణెం మిగులుతుంది, దాని చుట్టూ ఉన్న చరిత్ర పోతుంది.

కాబట్టి ప్రతి నాణేనికీ పూర్వ యాజమాన్యపు ఆధారాలు అడగాలి. సాంస్కృతిక ఆస్తుల అక్రమ రవాణాపై యునెస్కో ఒప్పందం 1970లో వచ్చింది. అంతకు ముందు నుంచే ఏదో ఒక సేకరణలో ఉన్నట్టు పాత వేలం జాబితాలు, రశీదులు చూపగలిగిన నాణెం అన్నివిధాలా నిశ్చింతైనది, అందుకు కొంత ఎక్కువ చెల్లించడం సమంజసమే. ఇంగ్లండ్‌లో 1996 నాటి ట్రెజర్ చట్టం కింద ప్రకటించి చట్టబద్ధంగా విడుదలైన నిధుల నాణేలు కూడా మంచి ఆధారంతో దొరుకుతాయి. ఇటలీ, సైప్రస్, బల్గేరియా వంటి దేశాల నుంచి వచ్చే కొన్ని రకాల ప్రాచీన నాణేల దిగుమతి మీద అమెరికా ఆంక్షలు పెట్టింది. కొనేవారి దేశంలోనూ, అమ్మేవారి దేశంలోనూ అమల్లో ఉన్న పురావస్తు చట్టాలు తెలుసుకున్నాకే డబ్బు చెల్లించాలి.

నాణెం ఇంటికి చేరిన రోజే నమోదు చేయాలి: బరువు గ్రాములో వందో వంతు దాకా, వెడల్పు, రెండు వైపుల అచ్చుల దిశల మధ్య కోణం, రెండు వైపుల రాత కనిపించినంతవరకు యథాతథంగా, టంకశాల గుర్తు, జాబితా సంఖ్య, ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంతకు కొన్నదీ. అచ్చుల కోణం తెలుసుకోవడానికి బొమ్మను నిటారుగా ఉంచి నాణేన్ని నిలువు అక్షం మీద తిప్పి, బొరుసు మీది బొమ్మ తల ఎటు చూపుతోందో గడియారపు అంకెతో రాసుకోవాలి. చాలా రోమన్ నాణేల్లో అది ఆరు దగ్గరో పన్నెండు దగ్గరో ఉంటుంది. పాత యజమానుల చీటీలు ఎంత చిరిగినా పారేయకుండా నాణెంతోనే ఉంచాలి. తర్వాత ఎప్పుడైనా గుర్తింపు తప్పని తేలితే, పాత వివరాన్ని చెరిపేయకుండా కింద కొత్త వివరం, దాని ఆధారం, తేదీ రాయాలి. మీ తర్వాత ఆ నాణేన్ని అధ్యయనం చేసేవారికి మొదటి గుర్తింపు ఎందుకు తప్పిందన్నది కూడా అవసరమవుతుంది.